పోస్టులో వచ్చిన పాటలు

మీ ఫోన్‌లో కూడా ఇలాంటిది ఒకటి ఉండే ఉంటుంది. ఎవరో ఇష్టంగా పంపిన ఫైలు. ‘రేపు చూద్దాంలే’ అనుకుని వదిలేసిన ఫైలు. నా దగ్గర ఉన్నది ఒక పాట. 38 ఎంబీ. పంపింది నా బీటెక్ క్లాస్‌మేట్, డాలస్ నుంచి. వచ్చింది 2023 జనవరిలో. నేను తెరిచింది 2024 డిసెంబర్‌లో.

మధ్యలో ఉన్న ఆ ఇరవై మూడు నెలల గురించే ఈ కథ. కానీ అది చెప్పాలంటే ముందు ఒక అమెరికన్ బ్యాండ్ గురించి చెప్పాలి. దాని పేరు ‘ద పోస్టల్ సర్వీస్’. అవును, బ్యాండ్ పేరే అది. తపాలా శాఖ!

ట్యాంకు పక్క రూమ్

హాస్టల్లో మాది మూడో అంతస్తు, చివరి రూమ్. పక్కనే నీళ్ల ట్యాంకు. మోటార్ ఆన్ చేస్తే గోడ మొత్తం ‘ఝుమ్‌’మనేది. మిగతావాళ్లు ఆ రూమ్ వద్దని గొడవపడితే, మావాడు మాత్రం ఏరికోరి తీసుకున్నాడు. ఆ చప్పుడు రికార్డ్ చేసి, స్పీడ్ తగ్గించి, దాని మీద బీట్ వేశాడు. పాత ల్యాప్‌టాప్, క్రాక్ చేసిన ఎఫ్ఎల్ స్టూడియో, ఒక చెవి పనిచేయని హెడ్‌ఫోన్స్. ఇదీ మా స్టూడియో.

నాకు సంగీతం రాదు. మాటలు రాసేవాణ్ణి. గొంతు ఓ మాదిరిగా ఉంటుంది కాబట్టి పాడేవాణ్ణి కూడా. వాడికి రెండు సప్లీలు, నాకు ఒక్కటీ లేదు. అందుకే వాళ్ల నాన్నగారి దృష్టిలో నేను మంచి కుర్రాణ్ణి. నిజానికి వాణ్ణి రాత్రి మూడింటి దాకా కూర్చోబెట్టింది నేనే.

నాలుగేళ్లలో మూడు పాటలు చేశాం. ఫైనలియర్‌లో ఒకటి యూట్యూబ్‌లో పెట్టాం. 312 వ్యూస్. అందులో కనీసం వంద మా చెల్లి ఫోన్‌వి.

2018లో నాకు క్యాంపస్ ప్లేస్‌మెంట్ వచ్చి హైదరాబాద్ వచ్చేశా. 2019 ఆగస్టులో వాడు ఎంఎస్‌కి అమెరికా వెళ్లాడు. శంషాబాద్ ఎయిర్‌పోర్ట్‌లో ట్రాలీ తోస్తూ ఒక్కటే మాట అన్నాడు. ‘‘నాలుగో పాట అక్కణ్ణుంచి పంపిస్తా. నువ్వు మాటలు పెట్టి పంపు.’’

2020 లాక్‌డౌన్‌లో పాటకి బదులు ఒక లింక్ వచ్చింది. కింద రాశాడు: ‘మనలాంటోళ్లే రా వీళ్లు.’

అప్పుడు నేను వర్క్ ఫ్రమ్ హోమ్‌లో మా ఊళ్లో ఉన్నా, తాడేపల్లిగూడెంలో. కరెంటు పోయింది. డాబా ఎక్కి, కొబ్బరాకుల నీడలో కూర్చుని ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్నా. పది పాటలు, ముప్పావు గంట. కరెంటు వచ్చాక కూడా కిందికి దిగలేదు.

లాస్ ఏంజెలెస్ టు సియాటిల్

కథ ఇద్దరితో మొదలవుతుంది. జిమ్మీ టాంబొరెల్లో ఉండేది లాస్ ఏంజెలెస్‌లో. ‘డిన్‌టెల్’ అనే పేరుతో ఒక్కడే కూర్చుని ఎలక్ట్రానిక్ సంగీతం చేసేవాడు. కంప్యూటర్, సింథసైజర్లు, చిన్న చిన్న బీప్‌లు, గరగర చప్పుళ్లు. రెండోవాడు బెన్ గిబ్బర్డ్, సియాటిల్ వైపు. యూనివర్సిటీలో ఎన్విరాన్‌మెంటల్ కెమిస్ట్రీ చదివి పాటల్లోకి వచ్చినవాడు. ‘డెత్ క్యాబ్ ఫర్ క్యూటీ’ అనే గిటార్ బ్యాండ్‌లో పాడతాడు, రాస్తాడు. ఒకరిది మెషీన్ లోకం, ఇంకొకరిది గిటార్ లోకం.

2001లో వచ్చిన డిన్‌టెల్ ఆల్బమ్‌లో గిబ్బర్డ్ ఒక పాట పాడాడు. అది బాగా కుదిరింది. ఇంకొన్ని చేద్దామనుకున్నారు. సమస్య ఒక్కటే. ఇద్దరి మధ్య రోడ్డు దారిన దాదాపు 1,800 కిలోమీటర్లు. మనకైతే హైదరాబాద్ నుంచి ఢిల్లీ దూరం కంటే ఎక్కువ.

అప్పటికి గూగుల్ డ్రైవ్ లేదు, వాట్సాప్ లేదు. పెద్ద ఆడియో ఫైలు నెట్‌లో పంపడం అంటే మామూలు యవ్వారం కాదు. అందుకని టాంబొరెల్లో ట్యూన్ చేసి, డిజిటల్ టేపులోకి ఎక్కించి, కవర్లో పెట్టి పోస్టు చేసేవాడు. గిబ్బర్డ్ అది విని, అక్కర్లేనిది కోసేసి, ముక్కలు అటూ ఇటూ మార్చి, మాటలు రాసి, పాడి, తిరిగి పోస్టు చేసేవాడు. అలా పాటలన్నీ కవర్లలో తిరిగాయి. ఆ పద్ధతే బ్యాండ్‌కి పేరైంది.

సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. ఒకడు కోడ్ రాసి పంపుతాడు, ఇంకొకడు దాన్ని మార్చి వెనక్కి పంపుతాడు. పుల్ రిక్వెస్ట్ అన్నమాట, కాకపోతే స్టాంపు అంటించి. ఇందులో నాకు నచ్చిన సంగతి ఇంకోటుంది. పక్కపక్కనే కూర్చుంటే ‘ఇక్కడ ఇలా పాడు’ అని టాంబొరెల్లో చెప్పేవాడేమో. ‘నా ట్యూన్ ఎందుకు కోశావ్’ అని అడిగేవాడేమో. పోస్టులో ఆ అవకాశం లేదు. కవరు అంటించి డబ్బాలో వేశాక ఆ పాట అవతలివాడిది. వాడి మీద నమ్మకం ఉంటేనే కుదిరే పని.

తర్వాత జెన్నీ లూయిస్ గొంతు కూడా చేరింది. ఆవిడ ‘రైలో కైలీ’ బ్యాండ్ సింగర్. ‘నథింగ్ బెటర్’ అనే పాటలో విడిపోయిన అబ్బాయి బతిమాలుతూ ఉంటాడు. అమ్మాయి వచ్చి వాడి మాటలన్నిటికీ లెక్కగా జవాబు చెబుతుంది. డ్యూయెట్ అంటే ఇద్దరూ ఒకే మాట పాడటం అనుకునే మన చెవులకి ఇది భలే కొత్తగా ఉంటుంది.

ఆల్బమ్ పేరు ‘గివ్ అప్’. 2003 ఫిబ్రవరిలో సియాటిల్‌లోని ‘సబ్ పాప్’ అనే చిన్న కంపెనీ విడుదల చేసింది. ఇద్దరికీ ఇది సైడ్ ప్రాజెక్టే. అసలు ఉద్యోగాలు వేరే ఉన్నాయి. పెద్ద ప్రచారం లేదు. ఒకరికొకరు చెప్పుకుంటూ, కాపీలు చేసి ఇచ్చుకుంటూ, మెల్లగా పాకింది. ‘సచ్ గ్రేట్ హైట్స్’ పాటని ‘ఐరన్ అండ్ వైన్’ అనే గాయకుడు గిటార్ మీద నెమ్మదిగా పాడాడు. అది 2004లో ‘గార్డెన్ స్టేట్’ సినిమా సౌండ్‌ట్రాక్‌లోకి వెళ్లింది. అక్కణ్ణుంచి అసలు పాటని వెతుక్కుంటూ వచ్చినవాళ్లు ఎందరో. 2009లో ‘అవుల్ సిటీ’ పాడిన ‘ఫైర్‌ఫ్లైస్’ మీలో చాలామంది వినే ఉంటారు. ఆ పాట వచ్చినప్పుడు అమెరికాలో చాలామంది అన్న మొదటి మాట, ‘ఇది పోస్టల్ సర్వీస్‌లా ఉందే’ అని.

తపాలా శాఖ నుంచి నోటీసు

ఇక అసలు మజా ఇక్కడుంది. అమెరికా ప్రభుత్వ తపాలా శాఖ పేరు యునైటెడ్ స్టేట్స్ పోస్టల్ సర్వీస్. 2003లోనే వాళ్ల నుంచి లీగల్ నోటీసు వచ్చింది. ‘పోస్టల్ సర్వీస్’ అనేది మా ట్రేడ్‌మార్క్, వాడొద్దు అని.

ఆలోచించండి. ఎవరి కవర్లలో తమ పాటలు తిరిగాయో, వాళ్లే కోర్టుకి లాగుతామంటే ఎలా ఉంటుంది? ఇక్కడ కథ మామూలుగా అయితే రెండు రకాలుగా ముగియాలి. పేరన్నా మార్చుకోవాలి, లాయర్లకి డబ్బన్నా పోయాలి. మూడోది జరిగింది. 2004లో ఇద్దరూ రాజీకొచ్చారు. పేరు వాడుకోవడానికి తపాలా శాఖ ఉచితంగా లైసెన్స్ ఇచ్చింది. బదులుగా పోస్టు గురించి నాలుగు మంచి మాటలు ప్రచారం చేయాలి. తపాలా శాఖ తన వెబ్‌సైట్‌లో ఆ సీడీలు అమ్మింది కూడా. అంతేకాదు, వాషింగ్టన్‌లో పోస్ట్‌మాస్టర్ జనరల్ నిర్వహించే అధికారుల సదస్సులో బ్యాండ్ పాడాలని కూడా ఒప్పందం. సూట్లు వేసుకున్న తపాలా అధికారుల ముందు సింథసైజర్ బీప్‌లు! ఆ సీన్ ఊహించుకున్నప్పుడల్లా నాకు నవ్వొస్తుంది.

కొన్నేళ్లకి అదే ‘సచ్ గ్రేట్ హైట్స్’ని యూపీఎస్ అనే ప్రైవేటు పార్సిల్ కంపెనీ టీవీ యాడ్స్‌లో వాడుకుంది. తపాలా శాఖకి పోటీ కంపెనీ అది. విధి వెక్కిరించడం అంటే ఇదే కాబోలు.

ఆ పాట వీడియోకి ఇంకో కథ ఉంది. అందులో చిప్‌లు తయారుచేసే ఫ్యాక్టరీ, క్లీన్ రూమ్, ఒళ్లంతా తెల్ల సూట్లు కప్పుకున్న పనివాళ్లు ఉంటారు. ఒకరి ముఖం ఒకరికి కళ్ల వరకే కనిపిస్తుంది. 2006లో ఇంటెల్ చిప్‌తో వచ్చిన కొత్త మ్యాక్‌ల కోసం ఆపిల్ ఒక యాడ్ విడుదల చేసింది. చూస్తే దాదాపు ఇదే వీడియో. తీసింది కూడా ఆ డైరెక్టర్లే. తమని అడగలేదని గిబ్బర్డ్ బాహిరంగంగానే చెప్పాడు. మొదట నోటీసు అందుకున్నవాళ్లు, ఈసారి ‘మాది వాడుకున్నారు’ అనాల్సి వచ్చింది. పేరు ఎవరిది, పాట ఎవరిది, ఐడియా ఎవరిది అనే గొడవ ఎటు నుంచైనా రావచ్చని అప్పుడర్థమైంది నాకు.

రెండోది రాలేదు

‘గివ్ అప్’ అమ్మకాలు 2012కి పది లక్షలు దాటాయి. అమెరికాలో దాన్ని ప్లాటినం అంటారు. సబ్ పాప్ చరిత్రలో దీనికంటే ఎక్కువ అమ్ముడైనది నిర్వాణా బ్యాండ్ మొదటి ఆల్బమ్ ‘బ్లీచ్’ ఒక్కటే.

మన ఐటీ బుర్ర వెంటనే ఏం అడుగుతుంది? ‘మరి వెర్షన్ టూ ఎప్పుడు?’

రాలేదు. ఇప్పటికీ రాలేదు. గిబ్బర్డ్ తన అసలు బ్యాండ్‌తో బిజీ. 2005లో డెత్ క్యాబ్ పెద్ద కంపెనీకి మారి ‘ప్లాన్స్’ అనే ఆల్బమ్ చేసింది. టాంబొరెల్లో మళ్లీ డిన్‌టెల్‌గా తన గదిలోకి వెళ్లిపోయాడు. ఇద్దరూ కొట్టుకోలేదు. విలేకరుల ముందు తిట్టుకోలేదు. కవర్లు రావడం తగ్గింది, ఆగింది. అంతే.

2013లో పదేళ్ల సందర్భంగా ఆల్బమ్‌ని రెండు కొత్త పాటలతో మళ్లీ విడుదల చేశారు. కోచెల్లా ఫెస్టివల్‌లో పాడారు, ఊళ్లు తిరిగారు, ఆ ఆగస్టులో షికాగోలో టూర్ ముగించి ఇక చాలన్నారు. మళ్లీ 2023లో ఇరవై ఏళ్లకి కలిశారు. అదే ఏడు డెత్ క్యాబ్ వాళ్ల ‘ట్రాన్స్‌అట్లాంటిసిజం’కీ ఇరవై నిండాయి. రెండు బ్యాండ్లూ ఒకే స్టేజీ మీద, ఒకే రాత్రి. ముందు ఒక ఆల్బమ్ మొత్తం, తర్వాత రెండోది మొత్తం. రెండింటికీ పాడింది గిబ్బర్డే. ఇరవయ్యేళ్ల కింద పక్కపనిగా చేసిన పది పాటల కోసం జనం స్టేడియాల ముందు క్యూ కట్టారు.

మొదట్లో ఇది నాకు మింగుడుపడలేదు. మా ఫీల్డ్‌లో ఏదైనా పెరగకపోతే చచ్చినట్టే లెక్క. యాప్‌కి అప్‌డేట్ రాకపోతే ‘డెడ్ ప్రాజెక్ట్’ అంటాం. ఒక్క ఆల్బమ్ చేసి ఆగిపోయినవాళ్లని గెలిచినవాళ్లంటారా, ఓడినవాళ్లంటారా? నేను దీన్ని నాకు కావలసినట్టు అర్థం చేసుకున్నా. ‘చూశావా, అంత గొప్పవాళ్లే ఆపేశారు. మన మూడు పాటలు మనకి చాలు’ అని. మా నాలుగో పాట ఆగిపోవడానికి నాకు అదొక మంచి సాకు దొరికింది.

అరవై రోజులు

2023 జనవరిలో వాడి నుంచి ఫైలు వచ్చింది. మెసేజ్‌లో ఒక్క ముక్క, ‘నాలుగోది.’ ఆ రోజు నాకు రిలీజ్ ఉంది. ‘సూపర్ రా, రాత్రికి వింటా’ అని కొట్టా. రాత్రికి వినలేదు. వారం తర్వాత మర్చిపోలేదు కానీ సిగ్గేసింది. నెల తర్వాత ఆ సిగ్గే అడ్డమైంది. ఇంత లేటుగా విని ఏం చెబుతాం?

ఫిబ్రవరిలో లింక్డిన్ తెరిస్తే వాడి ఫోటో చుట్టూ పచ్చ వలయం. ‘ఓపెన్ టు వర్క్.’ ఆ సీజన్‌లో అమెరికాలో వేలమంది ఉద్యోగాలు పోయాయి, మావాడిది కూడా. హెచ్-1బీ మీద ఉన్నవాళ్లకి ఉద్యోగం పోతే, కొత్తది వెతుక్కోవడానికి దొరికే గడువు మహా అయితే 60 రోజులు. నేనేం చేశాను? ‘ఏమన్నా కావాలంటే చెప్పు రా’ అని మెసేజ్ పెట్టా. అందరూ పెట్టేదే. వాడూ అందరికీ పెట్టేదే పెట్టాడు, చేతులు జోడించిన బొమ్మ.

యాభై రెండో రోజున వాడికి ఉద్యోగం దొరికింది. కాలేజీ గ్రూప్‌లో చూసి కంగ్రాట్స్ చెప్పా. ఫైలు ఊసు ఇద్దరమూ ఎత్తలేదు.

2024 డిసెంబర్‌లో వాళ్ల చెల్లెలి పెళ్లికి రాజమండ్రి వచ్చాడు. పెళ్లి హడావుడి అయ్యాక రాత్రి పుష్కర ఘాట్ మెట్ల మీద కూర్చున్నాం. గోదావరి మీద చలిగాలి. వాడు మామూలుగా, టీ గురించి చెప్పినంత మామూలుగా చెప్పాడు.

‘‘ఉద్యోగం పోయిన రెండో రోజు పంపాను రా ఆ ఫైలు. అప్పటికి ఇంట్లో కూడా చెప్పలేదు. పొద్దున్నంతా అప్లికేషన్లు పెట్టేవాణ్ణి, రాత్రి నిద్ర పట్టక ఆ పాట చేశా. నువ్వు ఏదో ఒకటి పాడి పంపుతావు, మళ్లీ నేను ఏదో మారుస్తాను, ఆ అరవై రోజులూ అలా గడిచిపోతాయి అనుకున్నా.’’

నేను సారీ చెప్పబోయా. ‘‘వదిలెయ్ రా, అయిపోయింది కదా’’ అన్నాడు. కోపంగా అని ఉంటే బాగుండేది.

ఆ రాత్రి లాడ్జిలో ఫైలు తెరిచా. మూడు నిమిషాల నలభై సెకన్లు. మొదట్లో చిన్నగా ‘ఝుమ్‌’ అని ఒక చప్పుడు. రెండు సెకన్లు పట్టింది గుర్తుపట్టడానికి. మా హాస్టల్ ట్యాంకు మోటార్. ఎన్నేళ్ల నుంచి దాచుకున్నాడో. నిమిషం దాటాక బీట్ తగ్గిపోయి, వెనక టిక్ టిక్‌మని మెట్రోనోమ్ మాత్రమే మిగిలింది. చివర్లో మళ్లీ అలాగే. ముందు ఫైలు పాడైందేమో అనుకున్నా. తర్వాత తెలిసింది. అవి నా గొంతు కోసం వదిలిన ఖాళీలు.

అప్పుడు ఆ బ్యాండ్ కథ ఇంకోలా కనిపించింది. వాళ్లు రెండో ఆల్బమ్ చేయలేదు, నిజమే. కానీ ఆ పది పాటల కాలంలో వచ్చిన ప్రతి కవరూ తెరిచారు. ప్రతి టేపుకీ జవాబు వెళ్లింది. ఒక పనిని ఇక చాలని ఇద్దరూ ఆపడం వేరు. ఒకడు పంపి ఎదురుచూస్తుంటే రెండోవాడు కవరు చింపకుండా బల్ల మీద పడేయడం వేరు. నేను చేసింది రెండోది. దానికి వాళ్ల పేరు వాడుకున్నా.

హైదరాబాద్ వచ్చాక మూడు వారాలు పట్టింది మాటలు రాయడానికి. ఉద్యోగాలు, వీసాలు, అరవై రోజులు ఏమీ పెట్టలేదు. నీళ్ల ట్యాంకు గురించి రాశా. బీరువా తలుపు తెరిచి, దుప్పట్లు వేలాడదీసి, మధ్యలో తల పెట్టి ఫోన్‌లో రికార్డ్ చేశా. రెండుసార్లు పక్కింటి కుక్కర్ విజిల్ పడింది. మూడోసారి బాగానే వచ్చిందనిపించి పంపేశా.

మూడు రోజులు జవాబు లేదు. ఆ మూడు రోజుల్లో ఫోన్ ఎన్నిసార్లు చూసుకున్నానో లెక్కలేదు. వాడు ఇరవై మూడు నెలలు చూశాడు.

నాలుగో రోజు పొద్దున్నే మెసేజ్.

‘రెండో చరణంలో శ్రుతి పోయింది రా. మళ్లీ పాడు. ఆ కుక్కర్ విజిల్ ఉన్న టేక్ కూడా పంపు, పనికొస్తుంది.’

ఈ ఆదివారం మళ్లీ పాడుతున్నా.